గుడి గోడ మీద మిథునం: ఏకాంతం వేరు, దాపరికం వేరు

ఈ త్రైమాసికం అధ్యయన పాఠానికి మేము ఎంచుకున్న విషయం కాస్త మొహమాటం కలిగించేదే. దేవుడి గుడి గోడల మీద స్త్రీపురుషుల శృంగార శిల్పాలు ఎందుకున్నాయి? శరీరం గురించి, దాంపత్యం గురించి మన ధర్మం ఏమంటుంది? ఈ ప్రశ్నలను మనం ఎన్నాళ్లుగానో పక్కకు నెడుతూ వచ్చాం. మన పిల్లలు మాత్రం నెట్టడం లేదు.

వేసవి సెలవుల్లో వాళ్లను ఇండియాకు తీసుకెళ్తాం. రామప్ప గుడికో, కోణార్కకో, ఖజురహోకో వెళ్తాం. వాళ్లు గోడ వంక చూస్తారు, తర్వాత మన వంక చూస్తారు. "దేవుడి గుడి మీద ఇవెందుకు?" అని అడుగుతారు. "పద పద, దర్శనానికి ఆలస్యమవుతోంది" అన్నదే మనలో చాలామంది ఇచ్చే జవాబు. ఇక్కడికి తిరిగొచ్చాక వాళ్లకు శరీరం గురించి బడిలో చెప్పేవాళ్లున్నారు, స్నేహితులున్నారు, చేతిలో ఫోన్ ఉంది. మాట్లాడనిది ఇల్లూ గుడీ మాత్రమే. దాంతో పిల్లలు రెండింట్లో ఒకటి అనుకుంటారు. ఈ విషయంలో మన పెద్దల దగ్గర చెప్పడానికి ఏమీ లేదనో, లేదా ఇదంతా సిగ్గుపడాల్సిన సంగతి అనో. రెండూ నిజం కావు.

పాఠం సారాంశం ముందే చెబుతాం. మన సంప్రదాయం దాంపత్యానికి తెర వేసిన మాట నిజమే. గర్భగుడికీ తెర వేస్తాం. నైవేద్యం పెట్టేటప్పుడు, అలంకారం జరిగేటప్పుడు, స్వామి పవళించేటప్పుడు వేసే తెర అది. అక్కడ ఏదో తప్పు జరుగుతోందని దాని అర్థం కాదు. ఆ తెర పేరు ఏకాంతం. తప్పును కప్పిపుచ్చడానికి వేసేదాని పేరు దాపరికం. ఈ రెండిటికీ తేడా మరిచిపోవడం వల్లే మన నోట మాట రావడం లేదు.

గోడ మీద ఏముంది?

ముందు మన తెలుగు నేల మీది గుళ్లనే చూద్దాం. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మండపం చుట్టూ బయటి స్తంభాలకూ చూరుకూ నడుమ, నిగనిగలాడే నల్లరాతిలో చెక్కిన మదనికలు కనిపిస్తారు. ఒకామె పాదాలకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి. ఒకామె ఒంటిని పాములు చుట్టుకున్నాయి. మరొకామె వస్త్రాన్ని ఒక కోతి లాగుతోంది. వీళ్లలో ఎవరూ తమ అందానికి క్షమాపణ చెబుతున్నట్టు నిలబడలేదు. వీళ్లను దాటుకునే మనం లోపల రామలింగేశ్వరుడి దగ్గరకు వెళ్తాం.

ఇంకా వెనక్కి వెళ్తే నాగార్జునకొండ. ఇక్ష్వాకుల కాలంలో, అంటే 3, 4 శతాబ్దాలలో, అక్కడ బౌద్ధ స్తూపాలకు చెక్కిన పలకల్లో బుద్ధుడి కథాఘట్టాలకు నడుమ నడుమ స్త్రీపురుషుల జంటలు నిలబడి ఉంటాయి. సంసారాన్ని విడిచి వెళ్లమన్న ధర్మం కూడా తన స్తూపం మీద మిథునానికి చోటిచ్చింది. కాబట్టి ఇది ఏదో ఒక శాఖవారి, ఒక రాజు అభిరుచి అని కొట్టిపారేయలేం.

జోగులాంబ కొలువైన అలంపురంలో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీద మిథునాలు కనిపిస్తాయి. అక్కడి మ్యూజియంలోని లజ్జాగౌరి శిల్పం ఇంకా ముఖ్యమైనది. తల ఉండాల్సిన చోట విచ్చుకున్న పద్మం, కాళ్లు ప్రసవ భంగిమలో ముడిచి ఉంటాయి. సంతానం కోరే స్త్రీలు కొలిచిన తల్లి ఆమె. లజ్జ అన్నది తర్వాతివాళ్లు పెట్టిన పేరులో ఉంది గానీ శిల్పంలో లేదు. సృష్టి జరిగే చోటును శిల్పి దేవతగా చూశాడు, భక్తురాలు దేవతగానే మొక్కింది.

ఖజురహో పేరు వినగానే మనలో చాలామందికి ఒక్కటే గుర్తొస్తుంది. చందేల రాజులు సుమారు 950 నుంచి 1050 మధ్య కట్టించిన ఆ గుళ్లలో శృంగార శిల్పాలు నిజానికి కొద్ది భాగమే. మిగతా గోడంతా దేవతలు, సైన్యం ఊరేగింపులు, సంగీతం, గురువూ శిష్యులూ, అద్దంలో చూసుకుని కాటుక దిద్దుకునే స్త్రీలు, పాదంలో దిగిన ముల్లు తీసుకునే స్త్రీలు. శిల్పి జీవితమంతా చెక్కాడు, అందులో కామానికి ఎంత భాగముందో అంతే ఇచ్చాడు. మనం తక్కినదంతా వదిలేసి ఆ కొంచెమే చూసి ఊరికి పేరు పెట్టాం.

ఎందుకు అక్కడే చెక్కారు?

దీనికి పెద్దలు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. దిష్టి తగలకుండా అని కొందరు, పిడుగు పడకుండా అని కొందరు అంటారు. ఇవి చూసి కూడా చలించనివాడే లోపలికి వెళ్లడానికి అర్హుడని ఇంకొందరు అంటారు. జీవుడు పరమాత్మలో కలిసిపోవడానికి ఇది సంకేతమన్నది మరో వ్యాఖ్యానం. వీటిలో ఏదో ఒకటే సరైనదని పట్టుబట్టాల్సిన పని లేదు. కానీ శిల్పాలను ఎక్కడ పెట్టారో గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది.

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆలయ లక్షణాలు చెబుతూ, ద్వారబంధాన్ని మంగళకరమైన పక్షులతో, స్వస్తికతో, పూర్ణఘటంతో, తీగలతో, మిథునంతో అలంకరించమంటాడు. మన గుమ్మానికి మామిడి తోరణం, పసుపు కుంకుమ ఎలాగో, ఆలయ ద్వారానికి మిథునం అలాగ. అది శుభచిహ్నాల జాబితాలోని వస్తువు. అశ్లీలమన్న ఆలోచనే అక్కడ లేదు.

ఖజురహోలోని లక్ష్మణ, విశ్వనాథ, కందరియా మహాదేవ ఆలయాలలో గాఢమైన శృంగార శిల్పాలు ఎక్కువగా మండపాన్నీ గర్భగుడినీ కలిపే సంధి గోడ మీద ఉంటాయి. ఆ శిల్పాలను ఏళ్ల తరబడి పరిశోధించిన దేవాంగనా దేశాయ్ ఈ సంగతిని ఎత్తి చూపారు. మనుషులు నిలబడే చోటూ దేవుడు నిలబడే చోటూ కలిసే జాగా అది. రెండు కలిసే చోట ఇద్దరు కలిసే శిల్పం పెట్టాడు శిల్పి. లోపల గర్భాలయంలో మాత్రం ఆ బొమ్మలుండవు. అక్కడ గోడ సాదాగా ఉంటుంది, దీపం ఉంటుంది, స్వామి ఉంటాడు. కామానికి మన గుడిలో చోటుంది. ఆ చోటు గుమ్మం దగ్గర. దాన్ని చూసి, గౌరవించి, దాటి లోపలికి నడవాలి. అక్కడే ఆగిపోకూడదు, అది లేనట్టు కళ్లు మూసుకోనూ కూడదు.

లోపలి గదికి పెట్టుకున్న పేరు కూడా ఒకసారి తలుచుకోండి. గర్భగుడి. ఆ మాట రోజూ పలుకుతూనే ఉంటాం.

మంత్రం ఏమంటుంది?

మన గుళ్లలో తెలుగు అర్చకస్వాములు చాలామంది చదివేది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి చివరి అనువాకంలో బ్రహ్మాన్ని ఎక్కడెక్కడ ఉపాసించాలో వరసగా వస్తుంది. వాక్కు, ప్రాణం, చేతులు, పాదాల నుంచి మొదలై వాన, మెరుపు, నక్షత్రాల దాకా వెళ్తుంది. ఆ వరసలోనే జననేంద్రియం కూడా ఉంది. అక్కడ సంతానంగా, అమృతత్వంగా, ఆనందంగా బ్రహ్మాన్ని ధ్యానించమంటుంది శ్రుతి. నక్షత్రాలకూ ఆకాశానికీ నడుమ ఆ మాట వస్తుంది. స్వరం తగ్గించి చదవమన్న సూచన ఏదీ లేదు. మనం చేతులు జోడించి వింటూనే ఉన్నాం, అర్థం అడగలేదంతే.

గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు ధర్మానికి విరుద్ధం కాని కామం తన స్వరూపమే అంటాడు. మూడో అధ్యాయంలో అదే కృష్ణుడు, ఎంత తిన్నా తనివి తీరని కామాన్ని శత్రువుగా చెప్పాడు. రెండు మాటలూ కలిపి చదవాలి. నిప్పు దేవుడి ముందు దీపమూ అవుతుంది, ఇల్లూ కాలుస్తుంది. నిప్పును తిట్టి లాభం లేదు, వద్దంటే వంట జరగదు. దాన్ని ఏ కుందిలో పెట్టామన్నదే చూసుకోవాలి. ఆ కుంది పేరే ధర్మం.

మన పెళ్లి మంత్రాలు ఆ కుందిని అందరి ముందూ చూపిస్తాయి. ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను అతిక్రమించి నడవనని వరుడు ప్రమాణం చేస్తాడు. నాతిచరామి అంటాడు. తాతలు, పిన్నమ్మలు, చిన్నపిల్లలు, అందరూ అక్షతలు పట్టుకుని వింటూ ఉండగా కామం అన్న మాట అగ్నిసాక్షిగా పలుకుతాడు. సప్తపదిలో ఏడో అడుగు పడ్డాక భార్య సఖి అవుతుంది. దాంపత్యానికి మంత్రం పెట్టిన చివరి పేరు స్నేహం. పదహారు సంస్కారాలలో మొదటిది గర్భాదానం. అంటే మనిషిని పవిత్రం చేసే వరసను మన పెద్దలు పుట్టుక నుంచి కాక, తల్లిదండ్రుల కలయిక నుంచి మొదలుపెట్టారు.

తెలుగు భాష కూడా ఇదే అంటుంది. తొలిరేయికి మనం పెట్టుకున్న పేరు శోభనం, అంటే మంగళం. ఈడేరిన పిల్లను పుష్పవతి అన్నాం. తల్లి కాబోయే ఆమెకు కడుపు పండింది అన్నాం. పువ్వు, పండు, శుభం. ఇంత శుభ్రమైన మాటలున్న భాషలో శోభనం అన్న మాటను సినిమా హాస్యానికి వదిలేసింది మనమే.

తెర ఎందుకు వేస్తాం?

తిరుమలలో రాత్రి చివరి సేవ ఏకాంత సేవ. శయన మండపంలో వేలాడే పాన్పు మీద భోగ శ్రీనివాసమూర్తిని పవళింపజేస్తారు. పాలు, పండ్లు నివేదిస్తారు. తాళ్లపాక వంశస్థులు లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. తలుపులు మూసేస్తారు. తెల్లవారుజామున సుప్రభాతంతో మళ్లీ తెరుస్తారు. శ్రీశైలంలో బ్రహ్మోత్సవాల ముగింపులో భ్రమరాంబా మల్లికార్జునులకు పుష్పోత్సవం, శయనోత్సవం జరుగుతాయి. రోజూ స్వామికి కల్యాణం చేసే మనం, కల్యాణం తర్వాత ఏకాంతం ఇవ్వడం కూడా సేవే అనుకున్నాం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఏకాంత సేవ ఉందని అందరికీ తెలుసు. దాని పేరు సేవల పట్టికలో ఉంది, సమయం ఉంది, పాట ఉంది. లోపల ఏముందో మాత్రం ఎవరూ తొంగి చూడరు. పేరు చెప్పుకోవచ్చు, తొంగి చూడకూడదు. ఏకాంతమంటే ఇదే. దాపరికంలో పేరే చెప్పరు. మన ఇళ్లలో చాలాసార్లు జరిగేది రెండోది. మన పిల్లల ఫోన్లలో జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఎవరైనా ఎప్పుడైనా తొంగి చూడవచ్చు, గౌరవం మాత్రం ఎక్కడా లేదు. ఏకాంత సేవ చేసే సంప్రదాయానికి ఈ రెండిటి మధ్య దారి తెలుసు.

అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలో భద్రపరచినవి. వాటిని అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండుగా విభజించారు. దొరికినవాటిలో శృంగార సంకీర్తనలే ఎక్కువ. అలమేలుమంగ విరహం, అలక, ఆనందం అన్నీ పాటలయ్యాయి. వాటిని దాచిన చోటు స్వామి సన్నిధి.

సిగ్గు ఎప్పుడు వచ్చింది?

బ్రిటిష్ ప్రభుత్వం 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలో అశ్లీల రచనలకు, బొమ్మలకు శిక్ష వేసే 292వ సెక్షన్ ఉండేది. ఆ సెక్షన్‌లోనే ఆలయాల మీది శిల్పాలకూ దేవుడి రథాల మీది బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. రాతిని వదిలేశారు. పుస్తకాన్ని వదల్లేదు.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాధికాసాంత్వనం రాసింది. కృష్ణుడు ఇళను పెళ్లాడాక రాధ పడిన బాధ, ఆమెను కృష్ణుడు అనునయించడం అందులో కథ. స్త్రీ కోరికను స్త్రీయే చెప్పిన కావ్యం. దీన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురించారు. 1911లో ప్రభుత్వం అశ్లీలమని దాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ముప్పై ఆరేళ్లు. అంతకుముందే కందుకూరి వీరేశలింగం పంతులు ముద్దుపళనిని తీవ్రంగా విమర్శించారు. నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ఇంతకంటె ఎక్కువ శృంగారం మగకవులు రాస్తే ఒప్పయినది, స్త్రీ రాస్తే తప్పెలా అయింది?

ఈ నాగరత్నమ్మ మనకు పరాయి మనిషి కాదు. తిరువయ్యారులో పాడుబడిన త్యాగరాజ సమాధిని తన సొమ్ముతో బాగు చేయించి గుడి కట్టించింది ఆమే. 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో జరిగే ఆరాధనలో మన పిల్లలు పంచరత్నాలు పాడుతున్నారంటే, ఆ సంప్రదాయానికి మూలమైన చోటును నిలబెట్టినవాళ్లలో ఆమె ఒకరు. రాముడి భక్తుడికి గుడి కట్టిన చేతులే రాధ శృంగారాన్ని అచ్చు వేయించాయి. ఆమెకు ఈ రెండు పనుల మధ్య తగవు కనిపించలేదు.

పవిత్రత పేరుతో జరిగిన అన్యాయం

ఇక్కడే ఆపేస్తే ఈ పాఠం సగం అబద్ధం అవుతుంది. పవిత్రమన్న మాట అడ్డం పెట్టుకుని మన సమాజం ఆడపిల్లలకు చేసిన అన్యాయం తక్కువది కాదు.

1891లో భార్యతో కాపురానికి కనీస వయసును పది నుంచి పన్నెండేళ్లకు పెంచే చట్టం వచ్చినప్పుడు, గర్భాదాన సంస్కారానికి భంగమంటూ దాన్ని ఎదిరించినవాళ్లున్నారు. పన్నెండేళ్లు కూడా ఎక్కువే అన్నారు. దేవుడి పేరు చెప్పి చిన్నపిల్లలను దేవదాసీలుగా అర్పించే ఆచారాన్ని ఆపడానికి డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్ల తరబడి పోరాడితే 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. వీరేశలింగం గారి కోపం వెనుక ఉన్నది ఈ దుఃఖమే. ఆయన చూసిన అన్యాయం నిజం. నాగరత్నమ్మ, ముద్దుపళని ఆ కులంలోంచే వచ్చిన విదుషీమణులన్నదీ నిజం. అన్యాయాన్ని తీసేయబోయి వాళ్ల విద్యను, గొంతును కూడా తీసేశాం.

కాబట్టి కామం పవిత్రమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ధర్మానికి విరుద్ధం కానిదని గీత పెట్టిన షరతును మన కాలానికి అర్థం చేసుకోవాలి. ఇద్దరికీ ఇష్టమేనా? ఇద్దరికీ తగిన వయసు ఉందా? ఇందులో ఎవరికైనా బలవంతం, భయం, బాధ ఉన్నాయా? ఒకరికొకరు బాధ్యత పడతారా? ఈ ప్రశ్నలు పశ్చిమం నుంచి అరువు తెచ్చుకున్నవి కావు. పెళ్లి కావాల్సిన ఆడపిల్లల చేత మన ఇళ్లలో రుక్మిణీ కల్యాణం చదివించేవారు. ఆ కథలో అన్నగారు కుదిర్చిన సంబంధాన్ని కాదని, తన మనసు తానే చెప్పి కృష్ణుడికి కబురు పంపింది రుక్మిణి. ఆడపిల్ల ఇష్టమే ఆ కల్యాణానికి మూలం. ఆ కథ చదివించి, పిల్ల ఇష్టం అడగకుండా ముహూర్తం పెట్టడం కథను చదవకపోవడమే.

ఇంకొక మాట. దాంపత్యం పవిత్రమంటే పెళ్లి కానివారు, భర్తను లేదా భార్యను కోల్పోయినవారు తక్కువన్న అర్థం రాకూడదు. ముత్యాల హారతి వెంగమాంబ పేరు మీద అని పైన చెప్పాం. ఆమె బాల్యంలోనే భర్తను పోగొట్టుకుంది, తల గొరిగించుకోవడానికి ఒప్పుకోలేదు, స్వామినే భర్తగా భావించింది. ఊరు అమంగళమన్న స్త్రీ హారతి రోజూ స్వామి పాన్పు దగ్గర వెలుగుతోంది. మన ఆలయంలో కల్యాణోత్సవం రోజున ఎవరిని వెనుక వరసలో నిలబెడుతున్నామో ఒకసారి చూసుకుందాం.

అమెరికాలో మనం

ఈ దేశంలో మన శిల్పాల గురించి మాట్లాడటం మనకంటే ముందే మొదలైంది. 1917లో ఆనంద కుమారస్వామి బోస్టన్ మ్యూజియంలో చేరి అక్కడి భారతీయ కళావిభాగాన్ని పెంచారు. 1918లో న్యూయార్క్‌లో అచ్చయిన ఆయన శివతాండవం వ్యాసాల పుస్తకంలో, శరీర ప్రేమకూ దైవ ప్రేమకూ మధ్య భారతీయులు గోడ కట్టలేదని అమెరికన్లకు వివరించారు. ఫిలడెల్ఫియా మ్యూజియంలో 1954 నుంచి భారతీయ కళకు బాధ్యత వహించిన స్టెల్లా క్రామ్రిష్ హిందూ ఆలయాన్ని గురించి రాసిన గ్రంథంలో మిథునాన్ని మోక్షానికి ప్రతీకగా చూశారు. అదే మ్యూజియంలో మదురై మదనగోపాలస్వామి ఆలయం నుంచి వచ్చిన 16వ శతాబ్దపు మండపం స్తంభాలున్నాయి. అడెలైన్ గిబ్సన్ అనే మహిళ 1912లో కొనగా, 1919లో ఆమె కుటుంబం మ్యూజియానికి ఇచ్చింది.

1976లో పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం, 1977లో న్యూయార్క్ ఫ్లషింగ్ గణపతి ఆలయం వెలిశాక మన శిల్పం మ్యూజియం గదిలోంచి పూజ గదిలోకి వచ్చింది. ఇక్కడి గుళ్లలో కల్యాణాలు చేస్తున్నాం, పవళింపు సేవ చేస్తున్నాం. పక్క హాల్లో పిల్లలకు కూచిపూడి నేర్పిస్తున్నాం. భామాకలాపంలో సత్యభామ విరహం, క్షేత్రయ్య పదంలో నాయిక నిష్ఠూరం అభినయించమని చెబుతున్నాం. ఆ భావాల అర్థం అడిగితే మాత్రం "అది భక్తి" అని ఒక్క మాటతో దాటేస్తున్నాం. భక్తే, కానీ ఎలాంటి భక్తి? మనిషికి తెలిసిన ప్రేమల్లో గాఢమైనదాన్ని తీసుకుని దేవుడికి ఇచ్చిన భక్తి. ఆ ప్రేమే మురికిదని నేర్పితే, దాన్ని దేవుడికి ఎలా ఇవ్వమంటాం?

ఇంట్లో ఎలా మాట్లాడదాం?

చిన్నపిల్లలు శిల్పం చూసి అడిగితే, "వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి చాలా ఇష్టం. ఆ ఇష్టంలోంచే పిల్లలు పుడతారు. అది శుభం కాబట్టి గుమ్మం దగ్గర చెక్కారు" అంటే చాలు. వాళ్లు తలూపి ముందుకు పోతారు. శరీరంలో ఏ భాగానికీ చెడ్డ పేరు పెట్టకుండా, తమ ఒంటిని తమ ఇష్టం లేకుండా ఎవరూ ముట్టుకోకూడదని అదే సందర్భంలో చెప్పవచ్చు. ఒళ్లు కూడా గుడే. దానికీ తెర ఉంటుంది, ఆ తెర ఎవరు తీయాలో తేల్చుకునే హక్కు ఆ బిడ్డదే.

పది, పదకొండేళ్లకు చాలా బళ్లలో ఎదిగే వయసు గురించి పాఠం చెబుతారు, మన సంతకం కోసం కాగితం పంపుతారు. సంతకం పెట్టి ఊరుకోకుండా, ఆ సాయంత్రం పక్కన కూర్చోవాలి. బడి శరీరం ఎలా పనిచేస్తుందో చెబుతుంది. దానికి విలువ ఎందుకో చెప్పాల్సింది మనం. పుష్పవతి అన్న మాట అర్థం కూతురికీ, కొడుక్కీ కూడా చెప్పాలి. ఓణీల వేడుక ఘనంగా చేసి, నెల నెలా ఆ పిల్లను అంటరానిదాన్ని చేస్తే పువ్వు అన్న మాటకు అర్థం ఉండదు.

పదిహేనేళ్లు దాటినవాళ్ల ముందు ఉపన్యాసం పనికిరాదు. పైన చెప్పిన ప్రశ్నలు, అంటే ఇష్టం, వయసు, బలవంతం లేకపోవడం, బాధ్యత, వాళ్ల ముందు పెట్టి వాళ్లు చెప్పేది వినాలి. ఏదైనా తప్పు జరిగితే, ఎవరైనా తమను బాధపెడితే, ముందుగా మన దగ్గరకే రావచ్చన్న నమ్మకం వాళ్లకు కలగాలి. దాపరికం ఉన్న ఇంట్లో ఆ నమ్మకం పుట్టదు. ఈ పాఠం రాయాలని మేము అనుకోవడానికి అసలు కారణం ఇదే. శిల్పం గురించి మాట్లాడలేని ఇంట్లో, గాయపడిన బిడ్డ నోరు విప్పలేదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఊరి గుడిలో గానీ, మీరు చూసిన గుడిలో గానీ మిథున శిల్పాలు ఎక్కడ ఉన్నాయి? ద్వారం దగ్గరా, బయటి గోడ మీదా, రథం మీదా?

2. ఏకాంతానికీ దాపరికానికీ మీ ఇంట్లో ఒక్కొక్క ఉదాహరణ చెప్పగలరా?

3. నాతిచరామి అన్న ప్రమాణంలో కామాన్ని ధర్మం తర్వాత చెప్పడంలో మీకు తోచే అర్థం ఏమిటి?

4. వీరేశలింగం గారి ఆందోళన, నాగరత్నమ్మ గారి ప్రశ్న రెండూ న్యాయమైనవే అనుకుంటే, మన పిల్లల నృత్య తరగతిలో ఏ వయసుకు ఏ పదం నేర్పాలో ఎలా నిర్ణయిద్దాం?

5. కల్యాణోత్సవంలో అందరికీ సమానంగా చోటు దక్కాలంటే మన ఆలయంలో ఏం మార్చాలి?

ఈ ప్రశ్నలను భార్యాభర్తలు ముందు తమలో తాము మాట్లాడుకుని, తర్వాత పిల్లలతో మాట్లాడితే మంచిది. తోచిన జవాబులను రాసి అధ్యయన బృందానికి అందజేయండి. తదుపరి సమావేశంలో పేర్లు చెప్పకుండా వాటిని చదివి చర్చించుకుందాం.

సర్వే జనాః సుఖినో భవంతు.